ఇంటి విద్యగా సూదిపని: తెలుగునాట బాలికల కుట్టు, అల్లిక శిక్షణ – చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగునాట స్త్రీవిద్యా చరిత్రను పరిశీలించిన రచనలు ఎక్కువగా పాఠశాలల చుట్టూ, పత్రికల చుట్టూ, సంస్కరణ సమాజాల చుట్టూ సాగాయి. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను స్థాపించడం, 1883లో ‘సతీహితబోధిని’ పత్రికను ఆరంభించడం, 1902లో ‘హిందూసుందరి’ వెలువడడం ఈ చరిత్రలో ప్రధాన ఘట్టాలు. ఈ ఘట్టాలన్నిటికీ కేంద్రం అక్షరం. స్త్రీ చదవగలిగిందా, రాయగలిగిందా, తన పేరుతో అచ్చులోకి రాగలిగిందా అన్న ప్రశ్నలకు సమాధానాలుగానే ఈ చరిత్ర రూపొందింది.

ఆ కాలంలోనే, అంతకు ముందూ తరువాతా కూడా, బడి ముఖం చూడని ఎందరో బాలికలు తల్లి పక్కనో అమ్మమ్మ పక్కనో కూర్చుని సూది పట్టడం నేర్చుకున్నారు. దానికి వాచకం లేదు, హాజరుపట్టీ లేదు, పరీక్ష లేదు. అందువల్ల ఆ శిక్షణ విద్యాచరిత్రలో నమోదు కాలేదు. అది ఇంటిపనిలో కలిసిపోయినందువల్ల వృత్తుల చరిత్రలోనూ దానికి తగిన స్థానం దక్కలేదు. శిక్షణ ఇంట్లో జరగడమే ఈ రెండు లోపాలకూ మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. లంబాడీ తండాలలోని కుట్టుపనిని, నరసాపురం ప్రాంతపు లేసు అల్లికను, పాఠశాల ద్వారా మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడిన సూదిపనిని ఈ దృష్టితో పరిశీలించడం దీని ఉద్దేశం.

కుట్టు, అల్లిక ఒకటి కావు. కుట్టుపనికి ఆధారంగా ముందే నేసిన గుడ్డ ఉండాలి. క్రోషియా అల్లికలో ఆధారవస్త్రం ఉండదు. దారమే ఉచ్చులుగా మారి వస్త్రమవుతుంది. సాంకేతికంగా ఈ భేదం ముఖ్యమైనదే అయినా, రెంటిలోనూ తొలి పాఠం జరిగే తీరు ఒకటే కాబట్టి ఇక్కడ వాటిని కలిపి చూడడం జరిగింది.

2. పదజాలం, ప్రాచీన ప్రస్తావన

సాహిత్య విమర్శ పరిభాష సూదికీ దారానికీ ఎంతో రుణపడి ఉంది. కవితకు అల్లిక, కూర్పు, గుంఫనం అనే మాటలు వాడుతున్నాం. ‘సూత్రం’ అంటే దారం. శాస్త్రనియమానికీ అదే పేరు. ‘గ్రంథం’ అనే మాటలో ముడివేయడం, కూర్చడం అనే అర్థం ఉంది. రచనను గౌరవించడానికి కుట్టు, అల్లికల పరిభాషను స్వీకరించిన సంప్రదాయం, కుట్టేవారి నైపుణ్యాన్ని మాత్రం ‘చేతిపని’ అని వేరుచేసింది.

ప్రాచీన శాస్త్రగ్రంథాలలో ఈ వేర్పాటు ఇంత స్పష్టంగా లేదు. వాత్స్యాయనుడు కామసూత్రంలో పేర్కొన్న అరవైనాలుగు కళలలో సూచీవానకర్మలు ఒకటి. గీతం, వాద్యం, కావ్యక్రియ ఉన్న జాబితాలోనే సూదిపనికీ చోటు దొరికింది. ఈ కళలను కన్య ఏకాంతంలో అభ్యసించాలని ఆ గ్రంథం చెబుతుంది. ఆమెకు నేర్పదగినవారిగా దాది కూతురు, చెలికత్తె, పినతల్లి, నమ్మకస్తురాలైన వృద్ధదాసి వంటి స్త్రీలను పేర్కొంటుంది. ఇందులో గమనించవలసిన అంశాలు రెండు. సూదిపని అప్పటికి కళగా గుర్తింపు పొందింది. ఆ కళను నేర్పే చోటు ఇల్లు, నేర్పేవారు ఇంటి స్త్రీలు. అయితే కామసూత్రం ఉద్దేశించినది సంపన్న నాగరిక కుటుంబాలను. శ్రామిక కుటుంబాల్లోని బాలిక ఏం నేర్చుకున్నదో తెలియాలంటే శాస్త్రగ్రంథాలను దాటి చూడాలి.

3. తండా: తన వస్త్రం తానే కుట్టుకునే బాలిక

తెలంగాణలో లంబాడీలు, బంజారాలు అని, రాయలసీమలో సుగాలీలు అని వ్యవహరించే సమూహం ఒకప్పుడు దక్కన్‌లో ధాన్యం, ఉప్పు రవాణా చేసిన సంచార వర్తక సమూహం. ఎద్దుల మందలపై సరుకు వేసుకుని మొగలు సేనలకూ, తరువాత మైసూరు యుద్ధాలలో బ్రిటిష్ సేనలకూ వీరు ధాన్యం సరఫరా చేశారు. పందొమ్మిదో శతాబ్దంలో రహదారులు, రైలుమార్గాలు విస్తరించడంతో ఈ జీవనాధారం దెబ్బతిన్నది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం సంచార సమూహాలను అనుమానంతో చూసే పద్ధతికి చట్టబద్ధత కల్పించింది. ఈ పరిణామాల నడుమ బంజారాలు క్రమంగా తండాలలో స్థిరపడి వ్యవసాయం, కూలిపనుల వైపు మళ్లారు.

1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలు, 1920లో సిరాజుల్ హసన్ వెలువరించిన నిజాం రాజ్యపు కులాలు, తెగల గ్రంథం ఈ సమూహాన్ని వర్ణించాయి. ఇటువంటి వలసపాలన కాలపు గ్రంథాలు ప్రధానంగా వస్త్రాలు, ఆభరణాలు ఎలా కనిపిస్తాయో చెప్పడానికి ప్రాధాన్యమిచ్చాయి. వస్త్రం వెనుక ఉన్న శిక్షణ వాటి ప్రధాన విషయం కాలేదు. బయటినుంచి వచ్చిన పరిశీలకుడికి పూర్తయిన వస్త్రమే కనిపిస్తుంది. దాన్ని కుట్టడానికి పట్టిన ఏళ్లు కనిపించవు.

ఫేటియా అనే లంగా, కాంచళి అనే రవిక, తలపై కప్పుకునే టుక్రి లంబాడీ స్త్రీ వేషంలో ముఖ్యమైనవి. అద్దాలు, గవ్వలు, పూసలు, నాణేలు, రంగుదారాల కుట్టు వీటికి ప్రత్యేకతను ఇస్తాయి. నీళ్ల కుండ మోయడానికి తలపై పెట్టుకునే చుట్టకుదురుకు కూడా గవ్వల అలంకారం ఉంటుంది. వీటిని కుట్టే విద్య తల్లి నుంచి, అమ్మమ్మ నుంచి, నాయనమ్మ నుంచి బాలికకు అందుతుంది.

ఈ శిక్షణా స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి అద్దం కుట్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. చిన్న అద్దం ముక్కకు బెజ్జం ఉండదు. దాన్ని గుడ్డపై నిలపడానికి మొదట అద్దం మీదుగా అడ్డంగా, నిలువుగా పోగులు వేసి ఒక చట్రం కట్టాలి. తరువాత ఆ పోగులను ఆధారం చేసుకుని అంచు పొడవునా కాజాకుట్టు వంటి కుట్టు వేస్తూ, పోగులను బయటికి లాగి అద్దాన్ని బిగించాలి. పోగు వదులైతే అద్దం జారిపోతుంది. మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. ఈ రెంటి మధ్య ఎంత బిగి కావాలో మాటలతో చెప్పడం సాధ్యం కాదు. నేర్చుకునే చేతికే అది తెలియాలి. అందుకే ఇక్కడ బోధనకు మాట కంటే పక్కన కూర్చోవడం ప్రధాన సాధనం. తల్లి కుట్టిన దాన్ని చూడడం, తాను కుట్టడం, తప్పినప్పుడు తల్లి విప్పేయడం, మళ్లీ కుట్టడం అన్నదే పాఠక్రమం. గుడ్డపై ముందుగా బొమ్మ గీసుకోకుండా, నేతలోని పోగులను కంటితో లెక్కిస్తూ చతురస్రాలు, త్రికోణాలు, వజ్రాకృతులు కుట్టే పద్ధతిలో లెక్కలు, రేఖాగణితం కూడా ఇమిడి ఉన్నాయి. వాటిని ఆ పేర్లతో ఎవరూ పిలవరు.

బంజారాల గోర్ బోలీకి సొంత లిపి లేదు. అటువంటి సమాజంలో జ్ఞాపకాన్ని నిలిపి ఉంచే సాధనాలు పాట, వస్త్రం. పెళ్లి సమయంలో వధువు తనవారిని తలచుకుని ఏడుస్తూ పాడే ‘ధావ్లో’ పాటలను పెద్ద స్త్రీల వద్దనే నేర్చుకోవాలి. పెళ్లికి కావలసిన కుట్టువస్త్రాలూ వారి శిక్షణలోనే సిద్ధమవుతాయి. జానపద సాహిత్య పరిశోధన ధావ్లోను మౌఖిక సాహిత్యంగా గుర్తించింది. అదే స్త్రీల నుంచి, అదే సందర్భం కోసం అందిన కుట్టును మాత్రం భౌతిక సంస్కృతి విభాగంలోకి నెట్టింది. నేర్చుకున్న బాలిక దృష్టితో చూస్తే ఈ రెండూ ఒకే ఇంటి విద్యకు చెందిన రెండు భాగాలు.

తండాలోని ఈ సంప్రదాయంలో కుట్టిన వస్త్రం కుట్టినవారి దగ్గరే ఉంటుంది. బాలిక నేర్చుకునేది తాను ధరించబోయే వస్త్రాన్ని, తనను తనవారిగా గుర్తింపజేసే వస్త్రాన్ని. తరువాతి సందర్భంతో పోల్చినప్పుడు ఈ విషయం కీలకమవుతుంది.

4. నరసాపురం: ఇంట్లో నేర్చిన పని, విదేశాలకు వెళ్లిన వస్తువు

గోదావరి డెల్టాలో ప్రొటెస్టెంటు మిషను కార్యకలాపాలు 1836లో నరసాపురంలో మొదలయ్యాయి. పందొమ్మిదో శతాబ్దంలోనే మిషనరీలు ఈ ప్రాంతంలో పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఈ సందర్భంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మాక్రే దంపతుల పేరు వినిపిస్తుంది. పేద స్త్రీలకు జీవనోపాధి కల్పించడం, ఐరోపా గృహిణి నమూనాలో వారిని తీర్చిదిద్దడం అన్న రెండు ఆశయాలూ ఈ శిక్షణలో కలిసి ఉన్నాయి.

రెండో ఆశయానికి ఐరోపాలో దీర్ఘచరిత్ర ఉంది. ఇంగ్లండులో బాలికలు కుట్టురకాలను, తరువాతి కాలంలో అక్షరాలను, నీతివాక్యాలను కూడా ఒకే గుడ్డపై కుట్టి చూపే మాదిరి వస్త్రాలు తయారుచేసేవారు. తేదీ ఉన్న తొలి ఆంగ్ల మాదిరి వస్త్రం 1598 నాటిది. అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో 1862 నాటి సవరించిన నియమావళి బాలికలకు సూదిపనిని తప్పనిసరి చేసింది. రోజికా పార్కర్ 1984లో ప్రకటించిన గ్రంథం ఈ చరిత్రను విశ్లేషిస్తూ, కుట్టుపని బాలికలకు అణకువను నేర్పే సాధనంగా పనిచేసిందని, అదే కుట్టు స్త్రీలకు తమ మాట చెప్పుకునే సాధనంగానూ మారిందని నిరూపించింది. నరసాపురానికి వచ్చిన అల్లిక వెనుక ఈ బోధనా సంప్రదాయం ఉంది.

మొదట మిషనరీల పరిచయాల ద్వారా బయటికి వెళ్లిన లేసు, ఇరవయ్యో శతాబ్దంలో వర్తకుల చేతికి వచ్చి ఎగుమతి సరుకైంది. అల్లిక క్రైస్తవ కుటుంబాలను దాటి ఇతర కులాల ఇళ్లకూ, ముఖ్యంగా స్త్రీలు బయటి పనికి వెళ్లడాన్ని గౌరవభంగంగా భావించిన కాపు కుటుంబాలకూ వ్యాపించింది. అప్పటికి మిషనరీ శిక్షకురాలి అవసరం తీరిపోయింది. తల్లులే గురువులయ్యారు. ఒక ముడి, ఆ ముడిలోంచి లాగిన ఉచ్చు, ఆ ఉచ్చులోంచి మరో ఉచ్చు, ఇలా సాగే గొలుసు తొలి పాఠం. గొలుసు సమంగా వచ్చాక వలయం, వలయం మీద పువ్వు. పూలను, చక్రాలను అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపి బల్లగుడ్డగానో పరుపుపై దుప్పటిగానో రూపొందించే అతుకుపని మరొకరిది. బాలిక నేర్చుకున్నది మొత్తం వస్త్రంలో ఒక ముక్కను మాత్రమే. మొత్తం వస్త్రం ఎలా ఉంటుందో, దాన్ని ఎవరు ఏ ఇంట్లో పరుచుకుంటారో ఆమె చూసే అవకాశం చాలా తక్కువ.

మరియా మీస్ 1982లో ప్రచురించిన నరసాపురం లేసు కార్మికుల అధ్యయనం ఈ రంగంలో మౌలికమైన పరిశోధన. లేసు అల్లే స్త్రీలు ఇంటిచాకిరీతో పాటు రోజుకు అనేక గంటలు అల్లికకు వెచ్చిస్తున్నా, వర్తకులు, అధికారులు, కొన్నిసార్లు ఆ స్త్రీలు కూడా వారిని కార్మికులుగా కాక, తీరికవేళను సద్వినియోగం చేసుకునే గృహిణులుగా భావించారని ఆమె చూపింది. ఈ భావనే అతి తక్కువ కూలిని సమర్థించింది. ఈ ప్రక్రియను ఆమె గృహిణీకరణగా సిద్ధాంతీకరించింది.

మీస్ విశ్లేషణ ప్రధానంగా ఉత్పత్తి సంబంధాలకు చెందినది. దానికి శిక్షణకోణాన్ని జోడిస్తే మరొక అంశం స్పష్టమవుతుంది. ఏ ఉత్పత్తిరంగంలోనైనా శిక్షణకు ఖర్చు ఉంటుంది. కార్ఖానా అయితే ఆ ఖర్చును యజమాని భరించాలి. నేర్చుకునే కాలంలో చెడిపోయే సరుకు నష్టం కూడా అతనిదే. నరసాపురం లేసులో ఈ ఖర్చంతా ఇంటి మీద పడింది. తల్లి గురువై జీతం లేకుండా నేర్పింది. బాలిక ఎన్నో ఏళ్ల అభ్యాసాన్ని ఆటపాటల వయసులోనే పూర్తిచేసింది. వర్తకుడి ముందుకు వచ్చేసరికి ఆమె పూర్తి నైపుణ్యం గల పనిమంతురాలు. అయినా ఆ నైపుణ్యానికి విలువ కట్టే సందర్భం రాగానే, అది ఆడపిల్లలకు పుట్టుకతో వచ్చే నేర్పు అన్నారు. నేర్చిన క్రమం ఇంటి గోడల మధ్య ఉండిపోయినందువల్లనే దాన్ని సహజగుణంగా చెప్పడం సాధ్యమైంది.

2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు వస్తువుకూ ప్రాంతానికీ చెందినది. తరతరాలుగా ఆ విద్యను నిలిపిన ఇంటి గురువుల ప్రసక్తి ఇందులో ఎంతవరకు ఉంటుందన్నది వేరే ప్రశ్న.

5. బడి, పరీక్ష: గౌరవం పొందిన సూదిపని

మూడో సందర్భంలో సూదిపని వేరే మార్గంలో ప్రయాణించింది. 1882 నాటి హంటర్ కమిషన్ బాలికల ప్రాథమిక పాఠ్యక్రమం బాలురదానికంటే సరళంగా ఉండాలని, గృహజీవన అవసరాలను, స్త్రీలకు అందుబాటులో ఉన్న వృత్తులను దృష్టిలో పెట్టుకుని దాన్ని రూపొందించాలని సూచించింది. బాలికల బడిలో కుట్టుపనికి చోటు దొరకడానికి ఇటువంటి ఆలోచన తోడ్పడింది. ఆడపిల్లను బడికి పంపితే ఇంటిపనికి దూరమవుతుందన్న భయానికి సూది ఒక సమాధానం కూడా అయింది. బడిలో నేర్చిన గొలుసుకుట్టు, కాడకుట్టు, కాజాకుట్టు ఇంటికి తిరిగివచ్చి దిండుగలీబులపై, చేతిరుమాళ్లపై, గోడకు వేలాడే పటాలపై కనిపించాయి. అలా నేర్చిన తల్లి తన కూతురికి ఇంట్లో నేర్పింది.

ఇదే నైపుణ్యం పరీక్షగా మారినప్పుడు దాని హోదా పూర్తిగా మారింది. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే సాంకేతిక పరీక్షల్లో డ్రాయింగ్‌తో పాటు టైలరింగ్, ఎంబ్రాయిడరీలకు లోయర్, హయ్యర్ గ్రేడులు ఉన్నాయి. ధ్రువపత్రం ఉన్న స్త్రీకి చేతిపనుల ఉపాధ్యాయినిగా అర్హత పొందే మార్గం ఏర్పడింది. కుట్టులో తేడా లేదు; సూది, దారం అవే. కాని పరీక్ష రాసిన చేతికి అది అర్హత, తండాలో నేర్చిన చేతికి అది ఆచారం, నరసాపురంలో అల్లిన చేతికి అది తీరిక.

అక్షరవిద్య విషయంలో సాహిత్యచరిత్ర ఇంత కఠినంగా లేదు. భండారు అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు; ఇంట్లో, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు ఆలంబనగా నేర్చుకున్నారు. అలా నేర్చినవారే 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రకటించారు. ఇంట్లో చదువుకోవడం ఆమె గౌరవాన్ని తగ్గించలేదు, పెంచింది. ఇంటి చదువుకు ఇచ్చిన ఈ గౌరవం ఇంటి కుట్టుకు ఎందుకు దక్కలేదని అడిగితే, అక్షరానికి సంతకం ఉంది, కుట్టుకు లేదు అన్న సమాధానం వస్తుంది. పుస్తకంపై కర్త పేరు ఉంటుంది. ఫేటియాపైనా లేసు బల్లగుడ్డపైనా పేరు ఉండదు.

6. అభ్యాసమా, శ్రమా?

బాలికకు ఇంట్లో సూదిపని నేర్పడాన్ని విద్యగా గుర్తించాలన్న వాదనకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. విద్య అనే పేరుతో బాలశ్రమను సమర్థించే ప్రమాదం ఇందులో లేదా? ఈ ఆక్షేపణను తోసిపుచ్చడానికి వీలులేదు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. కాని బడివేళల తరువాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో పిల్లలు సహాయపడడానికి మినహాయింపు ఇచ్చింది. ఈ మినహాయింపుకు ఆధారం కూడా కుటుంబమే. ఇంటివారి పక్కన కూర్చుని చేసే పని సహాయంగానో అభ్యాసంగానో పరిగణన పొందే అవకాశం ఉంది. నరసాపురం చరిత్ర చూసినవారికి ఈ ఊహ ఎంత సందిగ్ధమో తెలుస్తుంది. అక్కడ ఇంటి లోపలి పనికే బయటి వర్తకుడు గడువు పెట్టాడు.

కాబట్టి ఇల్లా, కార్ఖానానా అన్న భేదం మాత్రమే సరిపోదు. కుట్టిన వస్త్రం చివరికి ఎవరిదవుతుంది, తప్పుగా వేసిన కుట్టును విప్పి మళ్లీ వేసుకునే వ్యవధి బాలికకు ఉందా, ఆమె మొత్తం వస్త్రాన్ని నేర్చుకుంటున్నదా లేక ఒక ముక్కనేనా అన్న మూడు ప్రశ్నలు వేయాలి. తండాలో బాలిక తన వస్త్రాన్ని కుట్టుకున్నప్పుడు ఈ మూడింటికీ విద్యకు అనుకూలమైన సమాధానాలే వస్తాయి. వర్తకుడి దారంతో గడువులోపు పూలు అల్లినప్పుడు మూడింటికీ ప్రతికూల సమాధానాలు వస్తాయి. తండా కుట్టు కూడా అంగడి సరుకుగా మారిన చోట ఈ ప్రశ్నలను మళ్లీ కొత్తగా వేయవలసి ఉంటుంది.

తండాల్లో ఈ శిక్షణ నేడు సన్నగిల్లడానికి బడిని మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు. 1976 చట్టసవరణతో తెలంగాణ ప్రాంతపు లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాక వసతిగృహాలు, ఆశ్రమ పాఠశాలలు వారి పిల్లలకు అందుబాటులోకి వచ్చాయి. చీర, మిల్లుబట్ట నిత్యవేషమయ్యాయి. వసతిగృహంలో పెరిగిన బాలికకు తల్లి పక్కన కూర్చునే సాయంకాలాలు తగ్గాయి. ఆమెకు అక్షరం దక్కింది. ఆ అక్షరాన్ని వద్దనే హక్కు ఏ పరిశోధకుడికీ లేదు. సూదినీ అక్షరాన్నీ ఒకదానికొకటి పోటీగా నిలిపిన పాఠ్యక్రమాన్ని మాత్రం ప్రశ్నించవచ్చు.

7. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. తెలుగునాట బాలికలకు ఇంట్లో సూదిపని నేర్పడం ఒకే రీతిగా సాగలేదు. తండాలో అది సమూహపు గుర్తింపును నిలిపింది. నరసాపురంలో ప్రపంచ విపణికి శిక్షణ పొందిన చేతులను ఉచితంగా అందించింది. మధ్యతరగతి ఇంట్లో మర్యాదకు చిహ్నమై, పరీక్ష ద్వారా కొందరికి ఉద్యోగార్హత అయింది. ఈ మూడింటిలో విలువను నిర్ణయించింది కుట్టులోని నైపుణ్యం కాదు. నేర్చిన చోటు, వస్త్రంపై హక్కు.

తెలుగు పరిశోధన ఈ విద్యకు చేయగలిగిన మేలు ఒకటి ఉంది. జానపద గేయాలను సేకరించినట్లే, తల్లులు బిడ్డలకు కుట్టు నేర్పేటప్పుడు వాడే మాటలను, కుట్టురకాల పేర్లను, తప్పు కుట్టును సూచించే నుడికారాన్ని, తెలుగులోనూ గోర్ బోలీలోనూ సేకరించాలి. వృత్తిపదకోశాల సంప్రదాయం తెలుగులో బలంగా ఉంది. వ్యవసాయం, చేనేత వంటి వృత్తుల పదాలను నమోదు చేసిన శ్రద్ధను ఇంటి లోపలి ఈ వృత్తికీ విస్తరించవలసి ఉంది. సేకరించేటప్పుడు మాట చెప్పిన స్త్రీ పేరును, ఆమె అనుమతితో, ఆ మాట పక్కనే నమోదు చేయాలి. వస్త్రంపై లేని సంతకానికి పదకోశంలోనైనా చోటు ఉండాలి.